జబ్బు రాని రోజు ఎవరి గొప్ప?

(ఒక గ్రంథాలయం నెలవారీ సభలో విశ్రాంత ప్రజారోగ్య వైద్యుడొకరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

వెనక వాళ్లకు వినబడుతోందా? సరే. ఆ ఫ్యాను కాస్త తగ్గించండి, కాగితాలు ఎగిరిపోతున్నాయి.

అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రుడు ‘పెద్ద డాక్టరుగారు’ అన్నారు. ఒక చిన్న సవరణ. ముప్పై ఏళ్లకు పైగా నేను డాక్టర్నే కానీ, స్టెతస్కోపు మెడలో వేసుకున్న రోజులు తక్కువ. మాది ఎస్‌పీఎం, అంటే జబ్బులు రాకుండా చూసే సామాజిక, నివారణ వైద్యం. ఎంబీబీఎస్ చదివినవాళ్లు ఈ హాల్లో ఉంటే ఈ మాట వినగానే నవ్వుకుంటూ ఉంటారు. భోజనం అయ్యాక, మధ్యాహ్నం రెండింటికి పడే క్లాసు అది. సగం మంది నిద్ర, మిగతా సగం హాజరు పలికి మాయం.

పెళ్లిచూపుల్లో మా మామగారు అడిగారు, ‘ఏ జబ్బులు చూస్తావు బాబూ?’ అని. ‘రాని జబ్బులు చూస్తానండీ’ అన్నాను. పిల్లనైతే ఇచ్చారు గానీ, నేను మునిసిపాలిటీలో గుమస్తానని ఆయన చాలాకాలం అనుకున్నారు. (నవ్వులు) ఆయన అనుకున్నదాంట్లో పెద్ద తప్పేం లేదు. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం రిజిస్టర్లు చూడటం, కాలవల వెంట నడవటం.

ఇవాళ నేను చెప్పాలనుకున్నది సూరత్ గురించి. గుజరాత్ సూరత్. హైదరాబాద్‌లో కూర్చుని సూరత్ గురించి ఎందుకంటారా? మనవాళ్లు అక్కడ తక్కువేం లేరు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి వెళ్లిన చేనేత కుటుంబాలు తరాలుగా అక్కడ మరమగ్గాల మీద బతుకుతున్నాయి. సూరత్‌కు ఏమైనా అయితే ఇక్కడ సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్లలో గుండెలు గుబేలుమంటాయి.

1994 సెప్టెంబర్. ఆ ఏడు వానలు బాగా కురిశాయి. తపతి నది పొంగి పల్లపు బస్తీల్లోకి వచ్చింది. నీళ్లు తీశాక బురద మిగిలింది, చచ్చిన పశువులు మిగిలాయి. 1991 లెక్కల ప్రకారం ఆ ఊరి జనాభా దాదాపు 15 లక్షలు. వజ్రాల సాన, బట్టల మిల్లులు, డబ్బుకు కరువు లేని ఊరు. కానీ ఊళ్లో పెద్ద భాగానికి భూగర్భ డ్రైనేజీ లేదు. చెత్తలో సగం రోజూ వీధుల్లోనే ఉండిపోయేది. ఆ నెల మూడో వారంలో జ్వరం, దగ్గు, రక్తం పడటం, ఒకటి రెండు రోజుల్లో చావు, ఇలాంటి కేసులు ఆస్పత్రికి వచ్చాయి. ప్లేగు అన్నారు. అదీ ఊపిరితిత్తుల ప్లేగు, దగ్గుతో మనిషి నుంచి మనిషికి అంటేది.

ఆ మాట బయటికొచ్చిన కొద్ది రోజుల్లోనే లక్షలాది మంది ఊరు విడిచిపోయారు. రైళ్ల పైకప్పుల మీద కూర్చుని పోయారు. ప్రైవేటు డాక్టర్లలో చాలామంది క్లినిక్కులకు తాళాలు వేసి జనం కంటే ముందే వెళ్లిపోయారు. నేనప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ని. అటు నుంచి వచ్చే రైళ్ల దగ్గర మమ్మల్ని నిలబెట్టారు. మూతికి గుడ్డ కట్టుకుని, దిగినవాళ్ల చెయ్యి పట్టుకుని జ్వరం ఉందా అని చూడటం, మాత్రలివ్వటం. ఒక పెద్దాయన నా చేతిలో మాత్రలు చూసి, ‘ఇవి అక్కడ బ్లాకులో కొన్నాం బాబూ, ఇక్కడ ఊరికే ఇస్తున్నారా?’ అన్నాడు. టెట్రాసైక్లిన్. మా వీధి మందుల షాపులో కూడా ఆ వారం దొరకలేదు. జబ్బు లేనివాళ్లంతా కొని మింగేశారు.

గల్ఫ్ దేశాలు మన విమానాలు ఆపేశాయి. ఎగుమతులు ఆగిపోయాయి. దేశానికి వేల కోట్ల నష్టం. మరి చనిపోయినవాళ్లు ఎంతమంది? దేశం మొత్తంమీద యాభై చిల్లర. నేను ఆ ప్రాణాలను తక్కువ చేసి మాట్లాడటం లేదు. కానీ ఒక లెక్క చెబుతాను. అప్పట్లో మన దేశంలో టీబీతో రోజుకు వెయ్యిమందికి పైగా పోయేవాళ్లు. అంటే ప్లేగు తీసుకెళ్లినంతమందిని టీబీ గంటన్నరలో తీసుకెళ్లేది. దానికి ఏ విమానమూ ఆగలేదు. రోజూ వచ్చే చావుకు మనం అలవాటు పడిపోతాం. కొత్త చావుకే ఊరు కదులుతుంది.

అది అసలు ప్లేగేనా అని తర్వాత చాలా వాదన నడిచింది. కొందరు కాదన్నారు. చివరకు 2000లో జన్యు పరీక్షలు చేసి అది ప్లేగు బ్యాక్టీరియానే అని చెప్పిన పరిశోధనలో మన తార్నాక దగ్గరున్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఉన్నారు. ఇది ఎందుకో మనవాళ్లెవరూ పెద్దగా చెప్పుకోరు.

ఇప్పటిదాకా చెప్పింది మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. నేను చెప్పాలనుకున్న కథ ఇక్కడ మొదలవుతుంది. 1995 మేలో సూరత్ మునిసిపల్ కమిషనర్‌గా ఒకాయన వచ్చాడు. ఎస్.ఆర్. రావు. సూర్యదేవర రామచంద్రరావు. ఇంటిపేరు విన్నాక ఎటువైపు వాడో మీకు చెప్పక్కర్లేదు. ఆయన వచ్చేసరికి ప్లేగు పోయింది కానీ ఊరు అలాగే ఉంది. వెళ్లిపోయిన జనం తిరిగొచ్చారు, చెత్త కూడా తిరిగొచ్చింది.

ఆయన కొత్త ఆస్పత్రి కట్టలేదు. కొత్త మందు తేలేదు. కేంద్రం నుంచి ప్రత్యేక ప్యాకేజీ వచ్చేదాకా చూడలేదు. ఊరిని ఆరు జోన్లుగా చేసి, ఒక్కో జోను మీద ఒక అధికారిని పెట్టి, కమిషనర్‌కు ఉండే అధికారాల్లో చాలా భాగం వాళ్లకే ఇచ్చేశాడు. ఫైలు తన బల్ల మీదికి రానక్కర్లేదు. కానీ పొద్దున్నే అందరూ వీధుల్లో ఉండాలి, తనతో సహా. దానికి ఆయన పెట్టుకున్న పేరు ‘ఏసీ టు డీసీ’. ఎయిర్ కండిషన్డ్ గదుల నుంచి డైలీ చోర్స్‌కు, రోజువారీ పనికి అని. మధ్యాహ్నం అందరూ కలిసి కూర్చుని, పొద్దున ఏం చూశారో చెప్పాలి. నిన్న చెప్పిన గుంత ఇవాళ పూడిందా లేదా? అంతే.

రోడ్లు రాత్రిళ్లు ఊడవటం మొదలుపెట్టారు. చెత్త బయట వేసిన షాపుకు జరిమానా, రెండోసారి వేస్తే ఇంకా ఎక్కువ. శుభ్రంగా లేని హోటళ్లు మూయించారు. అక్రమ కట్టడాలు కూల్చినప్పుడు పెద్దవాళ్లవి వదిలిపెట్టలేదు. అందుకే బీదవాళ్ల బస్తీల్లో జనం ఆయన మాట నమ్మారని నా అభిప్రాయం. బస్తీల్లో రాళ్లు పరిచి కాలవలు కట్టారు, మరుగుదొడ్లు కట్టారు. 1996కల్లా ఇన్‌టాక్ అనే సంస్థ సూరత్‌ను చండీగఢ్ తర్వాత దేశంలో రెండో శుభ్రమైన నగరంగా చెప్పింది. ప్లేగు ఊరు! రెండేళ్లలో!

అయితే అందరూ చెప్పుకునేది ఈ ఊడవటం సంగతే. నాకు అంతకంటే ఇష్టమైనది ఇంకొకటి ఉంది. సూరత్‌లో ఏ ఆస్పత్రికి, ఏ వీధి నుంచి, ఎన్ని జ్వరాలు, ఎన్ని విరేచనాలు వచ్చాయో రోజూ లెక్క తెప్పించుకోవటం మొదలుపెట్టారు. సర్కారు ఆస్పత్రి లెక్కే కాదు, ప్రైవేటువి కూడా. ఒక వీధి నుంచి విరేచనాల కేసులు మామూలు కంటే నాలుగు ఎక్కువ వచ్చాయంటే, మర్నాడు పొద్దున ఆ వీధిలో నీటి పైపు దగ్గర మనిషి ఉంటాడు. డాక్టర్ కాదు, ప్లంబర్! ఆరోగ్య శాఖ, నీటి శాఖ, డ్రైనేజీ శాఖ ఒకే కాగితం చూసి పనిచేయటమంటే చిన్న విషయమా? నేను పనిచేసిన చోట్ల ఈ మూడు శాఖల వాళ్లూ ఒకరి పెళ్లిళ్లకు ఒకరు వెళ్లేవాళ్లు గానీ ఒకరి కాగితాలు ఒకరు చూసేవాళ్లు కాదు. (నవ్వులు)

2006 ఆగస్టులో తపతి మళ్లీ పొంగింది. 1994 నాటి కంటే చాలా పెద్ద వరద, ఊరు చాలా భాగం మునిగింది. అప్పటికి రావుగారు బదిలీ అయిపోయి ఎన్నో ఏళ్లు. అయినా 1994 నాటి లాగా జనం జబ్బుకు భయపడి ఊళ్లు పట్టిపోలేదు. కమిషనర్లు మారినా ఆ రోజువారీ లెక్క నిలబడింది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఈ పాఠం మనం ఎప్పుడో నేర్చుకున్నాం. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద. వేలమంది పోయారు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి కొట్టుకుపోయింది. ఆ ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారని చెబుతారు, ఆ చెట్టును ఉస్మానియా ఆస్పత్రిలో ఇప్పటికీ చూడొచ్చు. వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన వరదకు అడ్డుకట్ట ఒక్కటే ఆలోచించలేదు. పైన జలాశయాలు, ఊళ్లోకి మంచినీళ్లు, కింద మురుగునీటికి దారి, మూడూ ఒకే లెక్కలో పెట్టాడు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మధ్యలో 1911లో ప్లేగు కూడా వచ్చింది. ఆ మరుసటి ఏడే నగరాభివృద్ధి బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీల్లో గాలి, వెలుతురు వచ్చేలా ఇళ్లు కట్టటం దాని పనుల్లో ఒకటి.

మన ‘కోరంటి’ దవాఖాన తెలుసు కదా, నల్లకుంటలో. ఆటో అతనికి ‘ఫీవర్ ఆస్పత్రి’ అంటే ఒక్కోసారి మళ్లీ అడుగుతాడు, ‘కోరంటి’ అంటే తిన్నగా తీసుకెళ్తాడు. క్వారంటైన్ అనే మాట మన నోట్లో పడి కోరంటి అయింది. 2020లో టీవీలో క్వారంటైన్ అని వినగానే అదేదో కొత్త మాట అన్నట్టు చూశాం గానీ, మన నాయనమ్మలకు అది నూరేళ్ల కిందటి మాట. ఆ ఆస్పత్రికి పెట్టిన పేరు రొనాల్డ్ రాస్‌ది. రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. బేగంపేటలో ఆ భవనం ఇంకా ఉంది. హుస్సేన్ ఖాన్ అనే రోగి తనను దోమలతో కుట్టించుకునేందుకు ఒప్పుకుంటే, ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు రాస్. నోబెల్ బహుమతి రాస్‌కు 1902లో వచ్చింది. హుస్సేన్ ఖాన్‌కు అణాలు దక్కాయి.

దోమ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పేస్తాను. పొగబండి వస్తుంది చూడండి, ఫాగింగ్. వీధిలో పిల్లలు దాని వెంట పరుగెత్తుతారు. కార్పొరేటర్ పక్కన నడుస్తూ ఫొటో దిగుతాడు. జనానికి తృప్తి. ఆ పొగతో ఎగిరే దోమలు కొన్ని చస్తాయి, నిజమే. కానీ డెంగీ దోమ పగటి పూట కుడుతుంది, ఇంట్లో మంచం కింద, బట్టల వెనక దాక్కుంటుంది. గుడ్డు నుంచి దోమ కావటానికి దానికి వారం, పది రోజులు చాలు, మీ కూలర్ అడుగున ఉన్న నీళ్లు చాలు. లార్వా మందు పట్టుకుని ఇంటింటికీ తిరిగే కుర్రాడు, కుండీలు వంచి చూసేవాడు చేసేదే అసలు పని. వాణ్ని మనం గేటు దగ్గరే ఆపేస్తాం. ‘మా ఇంట్లో ఏం లేవు, పో’ అంటాం. ‘డ్రై డే’ పాటించండి అని అన్నేళ్లుగా చెబుతున్నది ఊరికే కాదు. వారానికోసారి నీళ్లు పారబోస్తే దోమకు కావలసిన ఆ పది రోజులు దొరకవు. అంతే దాని లెక్క.

సరే, నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఊరి పేరు చెప్పను. ఒక బస్తీలో పచ్చకామెర్లు వచ్చాయి. ఒకటి రెండు కాదు, రెండు వారాల్లో ముప్పై దాకా. జనం పసరు మందులకు పోతున్నారు. ఇద్దరు గర్భిణులకు కూడా వచ్చింది, నాకు కాళ్లల్లో వణుకు పుట్టింది. నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్-ఇ గర్భిణులకు చాలా ప్రమాదం. మందు ఏమీ లేదు. నీళ్లు కాచి తాగమని మైకులో చెప్పించాం. నీళ్ల శాఖ వాళ్లను అడిగితే, ‘మా నీళ్లు పరీక్షలో బాగానే ఉన్నాయి’ అని కాగితం చూపించారు. నిజంగానే బాగున్నాయి!

మా ఏఎన్‌ఎం, అంటే ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త, ఒకావిడ ఉండేది. చదివింది తక్కువే, తెలివి మాత్రం నాకంటే ఎక్కువ. ఆమె బస్తీ బొమ్మ గీసి, జబ్బు వచ్చిన ఇంటికల్లా పెన్సిలుతో చుక్క పెట్టింది. చుక్కలన్నీ ఒక సందు పొడవునా వచ్చాయి. పక్క సందులో ఒక్కటీ లేదు. ఆ సందులో ఏముంది? పైపు కాలవలోంచి వెళుతోంది. కానీ ఎప్పటి నుంచో అలాగే వెళుతోందే, ఇప్పుడే ఎందుకు? ఈ జబ్బు ఒంట్లోకి చేరాక బయటపడటానికి నెల, నెలన్నర పడుతుంది. అందుకని నిన్న ఏం తిన్నారు, ఏం తాగారు అని అడిగితే లాభం లేదు. ఆవిడ ఇంటింటికీ వెళ్లి, ‘నెలన్నర కింద ఈ సందులో ఏం జరిగింది?’ అని అడిగింది. కేబుల్ కోసం తవ్వారు. తవ్వినప్పుడు గునపం తగిలి పైపు పగిలింది. పాత సైకిల్ ట్యూబు చుట్టి కట్టేసి, మట్టి కప్పేశారు.

మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు. నీళ్లు ఆగాక పైపు ఖాళీ అవుతుంది, లోపల గాలి లాగినట్టు అవుతుంది. పక్కన మురుగు ఉంటే ఆ పగుల్లోంచి లోపలికి పీలుస్తుంది. దానికి తోడు, నీళ్లు సన్నగా వస్తున్నాయని జనం కుళాయికి నేరుగా మోటారు పెట్టేస్తారు. అప్పుడు ఇంకా గట్టిగా పీలుస్తుంది. ట్యాంకు దగ్గర పరీక్ష చేస్తే నీళ్లు బాగుంటాయి, చివరి ఇంట్లో బాగుండవు. కాగితం అబద్ధం కాదు, కాగితం తీసిన చోటు వేరు.

పైపు మార్చారు. కామెర్లు తగ్గాయి. ఆ గర్భిణుల్లో ఒకామె దక్కలేదు. పైపు మార్చిన రోజు ఫొటోలో నేనున్నాను, కౌన్సిలర్ ఉన్నాడు, పెన్సిలు చుక్కలు పెట్టినావిడ లేదు.

ఇప్పుడు బస్తీ దవాఖానలు వచ్చాయి. 2018 నుంచి మన నగరంలో పెడుతున్నారు. నేను వాటిని గట్టిగా సమర్థిస్తాను. జ్వరం వచ్చిన కూలీ ఒక రోజు కూలి పోగొట్టుకుని గాంధీకో ఉస్మానియాకో వెళ్లి లైన్లో నిలబడక్కర్లేదు. ఇంటి దగ్గరే డాక్టర్, నర్సు, మందులు, రక్త పరీక్షకు నమూనా తీసుకుంటారు. బీపీ, షుగర్ మాత్రలు నెల నెలా దొరకటం చిన్న సంగతి కాదు. ఆ మాత్ర ఆపేసినవాడే రెండేళ్ల తర్వాత పక్షవాతంతో వస్తాడు, కిడ్నీలు పోయి వస్తాడు. అప్పుడు ఎన్ని లక్షలు పెట్టినా వాడి చెయ్యి తిరిగి రాదు.

కానీ నాకు ఒక అసంతృప్తి ఉంది. అక్కడి ఓపీ రిజిస్టరు సాయంత్రం ఎవరు చూస్తారు? ఆ బస్తీలో ఈ వారం విరేచనాలు పెరిగాయన్న సంగతి ఆ డాక్టరమ్మకు తెలుస్తుంది. అది నీళ్లు వదిలే లైన్‌మన్‌కు మర్నాటికి తెలియాలి కదా? నివేదికలు పైకి వెళతాయి, నేను కాదనను. పైకి వెళ్లినంత తొందరగా పక్కకు వెళ్లవు. ఇక నగరంలో జ్వరం వచ్చినవాళ్లలో చాలామంది వెళ్లేది ప్రైవేటు క్లినిక్‌కు, లేదా సందు చివర ఆర్‌ఎంపీ దగ్గరికి. వాళ్ల లెక్క మనకు సరిగా అందదు. సగం ఊరి జ్వరం తెలియకుండా ఊరికి జ్వరం లేదని ఎలా చెబుతాం?

మనిషి చెప్పకపోయినా మురుగు చెబుతుంది. 2020లో కోవిడ్ అప్పుడు మన సీసీఎంబీ, దాని పక్కనే ఉన్న రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ వాళ్లు హైదరాబాద్ మురుగునీటిని పరీక్షించి, నెల రోజుల కాలంలో దాదాపు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉండొచ్చని అంచనా కట్టారు. పరీక్షల్లో బయటపడ్డ కేసులు అందులో చాలా కొద్ది. నాకు అప్పుడు భలే సంబరం వేసింది. మా సబ్జెక్టులో మురుగు గురించి చెబుతుంటే నిద్రపోయిన నా స్టూడెంట్ ఒకడు ఫోన్ చేసి, ‘సార్, సీవేజ్ మీద ఏదైనా చదవడానికి చెప్పండి’ అన్నాడు. (నవ్వులు)

టైము అయిపోయిందని చీటీ పంపారు. ఒక ప్రశ్న తీసుకుంటాను. అమ్మా, మీరు అడగండి.

(సభలోంచి ఒక మహిళ: డాక్టరుగారూ, మా అపార్ట్‌మెంట్‌కు ఎండాకాలం ట్యాంకర్ నీళ్లే దిక్కు. అవి మంచివో కాదో మాకెలా తెలుస్తుంది?)

మంచి ప్రశ్న అమ్మా. చూసి చెప్పలేం. అద్దంలా ఉన్న నీళ్లలోనూ క్రిములు ఉంటాయి. క్లోరిన్ ఉందో లేదో చూడొచ్చు. క్లోరోస్కోప్ అని చిన్న పెట్టె దొరుకుతుంది, ఖరీదు తక్కువే. గొట్టంలో నీళ్లు పోసి, మందు చుక్కలు వేస్తే లేత పసుపు రంగు రావాలి. పక్కనే రంగుల పట్టీ ఉంటుంది, దాంతో పోల్చాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. పరీక్ష చేసిన నీళ్లు పారబోయండి, తాగకండి. ట్యాంకర్ దగ్గర ఒకసారి, సంప్‌లో ఒకసారి, పై అంతస్తులో చివరి ఫ్లాట్ కుళాయి దగ్గర ఒకసారి చూడండి. చివరి కుళాయే ముఖ్యం.

(అదే మహిళ: పసుపు రంగు రాకపోతే?)

రాకపోతే ఆ నీళ్లు కాచకుండా తాగకండి. ట్యాంకర్ డ్రైవర్‌ను ఎక్కడ నింపాడో అడగండి. సంప్ ఎప్పుడు కడిగారో మీ వాచ్‌మన్‌ను అడగండి. ఇంకో నాలుగు ఇళ్లలో చూడండి. చూసినవన్నీ ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాయండి అమ్మా. పిల్లలెవరికైనా విరేచనాలు అయితే అది కూడా అందులోనే, ఏ ఫ్లాటో చెప్పి రాయండి. పెన్సిలుతో అయినా పర్వాలేదు.